రిలే పని ఎవరికి అప్పగించాలి?

1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పరిశోధనలు నడిపిన మెర్విన్ కెల్లీకి ఒక బలమైన కోరిక ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రాత్రింబవళ్లు టకటకమనే వేలాది రిలేల స్థానంలో, కదిలే భాగమంటూ లేని స్విచ్ ఒకటి రావాలని. కొత్తగా ఉద్యోగంలో చేరిన విలియం షాక్లీకి ఆయన ఈ మాట చెప్పాడు. 1947 డిసెంబరులో అదే సంస్థలో బార్డీన్, బ్రాటైన్‌ల చేతుల్లో ట్రాన్సిస్టర్ పుట్టింది. రేడియోలు, కంప్యూటర్లు కొన్నేళ్లలోనే దాన్ని అందుకున్నాయి. కానీ కెల్లీ మనసులో ఉన్న అసలు పని, ఒకరి ఫోను తీగను మరొకరి తీగకు కలిపే పని, మాత్రం దానికి చాలాకాలం దక్కలేదు.

ఎందుకు దక్కలేదో తెలియాలంటే ముందు రిలేను కాస్త గౌరవంగా చూడాలి. 1835 నాటికే జోసెఫ్ హెన్రీ ప్రిన్స్‌టన్‌లో దీని మూలసూత్రాన్ని చేసి చూపించాడు. ఇనుప కడ్డీకి చుట్టిన రాగి తీగలో కొద్దిపాటి కరెంటు పారితే కడ్డీ అయస్కాంతమై ఎదురుగా ఉన్న ఇనుప రేకును లాగుతుంది. రేకు కదిలి రెండు లోహపు కొనలను కలుపుతుంది. ఆ కొనల మీదుగా పెద్ద కరెంటు పోతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు రేకును వెనక్కి లాగేస్తుంది. అంతే. ఇంత చిన్న చలనంతో తర్కాన్ని నడపవచ్చని 1937లో క్లాడ్ షానన్ తన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో గణితంతో నిరూపించాడు. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూసే రెండు వేలకు పైగా రిలేలతో ఏకంగా కంప్యూటరే కట్టాడు.

రిలేకు లోపాలున్నాయి. కదలడానికి కొన్ని మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. కొనల మధ్య దుమ్ము చేరుతుంది, నిప్పురవ్వలకు లోహం కరుగుతుంది. అయితే అది చడీచప్పుడు లేకుండా చేసిపెట్టే మేళ్లూ ఉన్నాయి. కొనలు కలిసినప్పుడు కరెంటుకు అది చూపే అడ్డు కొన్ని మిల్లీ ఓములే. విడిపోయినప్పుడు మధ్యలో ఉండేది గాలి, కాబట్టి కరెంటు కారదు. ఆజ్ఞ ఇచ్చే తీగకూ, ఆజ్ఞ పాటించే తీగకూ విద్యుత్ సంబంధమే ఉండదు. ఏసీ అయినా డీసీ అయినా, ఎటు నుంచి ఎటు పారినా దానికి ఒకటే. ఇవన్నీ ఒకే చోట ఇచ్చే ఎలక్ట్రానిక్ భాగం ఏదీ అప్పట్లో లేదు. చౌకగా ఇచ్చేది ఇప్పటికీ దొరకదు.

బెల్ ల్యాబ్స్ ఈ పాఠం ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోరిస్ అనే చిన్న పట్టణంలో నేర్చుకుంది. 1960లో అక్కడ ప్రయోగాత్మకంగా పెట్టిన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలో తీగల్ని కలిపే పనిని వాయువు నింపిన చిన్న గొట్టాలకు అప్పగించారు. మాటలు వాటి గుండా చక్కగానే పోయాయి. గంట మాత్రం మోగలేదు. పాత ఫోనులోని గంట మోగాలంటే 90 వోల్టుల ఏసీ దాకా కావాలి, దాన్ని ఆ గొట్టాలు తట్టుకోలేవు. దాంతో ప్రయోగంలో చేరిన చందాదారులకు గంటకు బదులు సన్నని స్వరం వినిపించే ప్రత్యేక ఫోన్లు ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క స్విచ్‌ను మార్చబోతే ఇంటింటి ఫోనూ మారింది. దేశమంతటా కోట్ల ఫోన్లను అలా మార్చడం అయ్యే పని కాదు.

అందుకే 1965 మే నెలలో న్యూజెర్సీలోని సక్కసన్నాలో అసలైన ఎక్స్ఛేంజీ మొదలైనప్పుడు ఇంజనీర్లు పనిని రెండుగా పంచారు. ఎవరిని ఎవరితో కలపాలో నిర్ణయించే ఆలోచన ట్రాన్సిస్టర్లది. మాట నడిచే దారి మాత్రం గాజు గొట్టంలో బిగించిన లోహపు రేకులది. వాటిని ‘ఫెర్రీడ్’ అన్నారు. ఒక్క విద్యుత్ తాకిడికి రేకులు కలుసుకుంటాయి, ఆ తర్వాత కరెంటు అక్కర్లేకుండా అయస్కాంతమే పట్టి ఉంచుతుంది. ఈ పని పంపకాన్ని రాజీగా చూసేవాళ్లున్నారు. ఆ ఎక్స్ఛేంజీలో నాకు అన్నింటికన్నా నచ్చేది ఆ పంపకమే.

మాట దారిలోంచి లోహం తప్పుకోవడానికి మాటే మారాల్సి వచ్చింది. స్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి ఒక్కో కొలతనూ 8 బిట్ల సంఖ్యగా మారిస్తే, ఎక్స్ఛేంజీ ఇక తీగలు కలపనక్కర్లేదు. మెమరీలో సంఖ్యల స్థానాలు మారిస్తే చాలు. మన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీ ఈ దారిదే. ఎయిర్ కండిషనింగ్ లేకుండానే పల్లె వేడిని తట్టుకునేలా దాన్ని రూపొందించారు. ఇంత జరిగినా గంట మోగించే 90 వోల్టులు ఎక్కడికీ పోలేదు. చాలా ఎక్స్ఛేంజీల్లో చందాదారుడి తీగ వచ్చి చేరే కార్డు మీద, ఆ ఒక్క పని కోసం చిన్న రిలే చాలాకాలం మిగిలే ఉండేది.

పెద్ద కరెంట్ల లోకంలోనూ ఇదే చిక్కు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను తెచ్చింది. ఏసీలో రెండు వైపులా పనిచేసే ట్రయాక్ తర్వాత వచ్చింది. మన ఇళ్లలోని చాలా ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లలో ఉండేది అదే. సెకనుకు వంద సార్లు ఆన్ కావాల్సిన చోట రిలే నిలవదు, ట్రయాకే గతి. అయితే ట్రయాక్ ఆన్‌లో ఉన్నంతసేపూ సుమారు ఒక వోల్టు తినేస్తుంది. 10 ఆంపియర్లు పారితే 10 వాట్లు, ఒక్కోసారి 15 వాట్ల వేడి. దాన్ని వదిలించడానికి అల్యూమినియం రెక్కలు బిగించాలి. ఆఫ్‌లో ఉన్నప్పుడూ ఎంతో కొంత కరెంటు కారుతుంది. చిన్న ఎల్‌ఈడీ బల్బును దాంతో ఆపితే మసకమసకగా వెలుగుతూనే ఉండొచ్చు. డీసీలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ మేలు, దాని అడ్డు మిల్లీ ఓములకు దిగింది. ఏసీకి వాడాలంటే మాత్రం రెండింటిని ఎదురెదురుగా కలపాలి, ఎందుకంటే ఒక్కటే ఉంటే ఒక దిశలో కరెంటును ఆపలేదు.

ఎంపిక చేసేవారు తప్పక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: చెడిపోతే ఎలా చెడిపోతుంది? రిలే కాయిల్ తెగితే స్ప్రింగు కొనలను విడదీసి ఉంచుతుంది. దాని కొనలు అతుక్కుపోయే ప్రమాదమూ ఉంది. ట్రయాక్, మాస్‌ఫెట్ కాలిపోయినప్పుడు ఎక్కువగా షార్ట్ అయి, ఆన్‌లోనే ఉండిపోతాయి. హీటర్‌కో, బావి దగ్గరి మోటారుకో అది ప్రాణాపాయం. పొలాల్లో మోటారు స్టార్టర్ పెట్టెలో ఈనాటికీ కాంటాక్టర్ అనే పెద్ద రిలేయే కూర్చుని ఉండటానికి ఇదొక కారణం. మొదలయ్యే క్షణంలో మోటారు మామూలు కన్నా ఆరేడు రెట్లు కరెంటు లాగడం మరో కారణం.

ఇప్పుడు కొన్ని పరికరాల్లో రిలేనూ ట్రయాక్‌నూ పక్కపక్కనే జోడిస్తున్నారు. ముందు ట్రయాక్ ఆన్ అవుతుంది. ఆ వెంటనే రిలే కొనలు నిప్పురవ్వ లేకుండా కలిసి భారమంతా తీసుకుంటాయి, ట్రయాక్ చల్లబడుతుంది. ఆపేటప్పుడు వరుస తిరగబడుతుంది: రిలే ముందు విడిపోతుంది, ఏసీ కరెంటు సున్నాకు చేరిన క్షణంలో ట్రయాక్ ఆఫ్ అవుతుంది.