రాబందులు నేర్పిన పాఠం

విషమనగానే పాము కోరలలోని గరళమో, పైరుపై చల్లే పురుగుమందో స్ఫురించడం సహజం. కాని ఒక ప్రాణికి ఔషధమైన పదార్థమే మరొక ప్రాణికి కాలకూటం కావచ్చు. ఆ ప్రాణి నశిస్తే దానితో ముడిపడిన జీవులన్నీ ఏదో ఒక రూపంలో ఫలితం అనుభవించవలసి వస్తుంది. భారతదేశంలోని రాబందుల చరిత్ర ఇందుకు ప్రబల నిదర్శనం.

రామాయణంలో సీతాపహరణాన్ని అడ్డగించి ప్రాణాలర్పించిన జటాయువు గృధ్రరాజు. అయినప్పటికీ లోకవ్యవహారంలో 'రాబందు' అనే మాట నిందావాచకంగానే స్థిరపడింది. పరుల సొమ్మును కాజేసేవారిని రాబందులని దూషించడం పరిపాటి. నిజానికి రాబందులు చచ్చిన పశువుల కళేబరాలను తిని ఊరి పొలిమేరలను శుభ్రపరిచే పక్షులు. వాటి జఠరరసంలోని తీక్షణమైన ఆమ్లం అనేక రోగకారక సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. జీతం లేకుండా పనిచేసే పారిశుద్ధ్య సేవకులుగా వాటిని పేర్కొనడం అతిశయోక్తి కాదు.

1980వ దశకం వరకు ఈ పక్షులు దేశమంతటా అసంఖ్యాకంగా కనిపించేవి. 1990వ దశకంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద గల కేవలాదేవ్ జాతీయోద్యానంలో అవి మెడలు వాల్చి, చెట్లపైనే మరణించడాన్ని విభు ప్రకాశ్ అనే పక్షిశాస్త్రవేత్త గమనించాడు. 1992, 2007 సంవత్సరాల మధ్య దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా క్షీణించింది. మరి రెండు జాతులు సుమారు 97 శాతం తరిగిపోయాయి. ఏదో అంటువ్యాధి సోకిందని తొలుత పలువురు భావించారు.

అసలు కారణం 2004లో వెల్లడైంది. పాకిస్తాన్‌లో మరణించిన రాబందులను పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం, వాటి శరీరాలలో 'డైక్లోఫెనాక్' అనే మందు అవశేషాలను కనుగొన్నది. మనుషులకు నొప్పిని, వాపును తగ్గించే ఈ మందును పశువైద్యంలోనూ విరివిగా వాడారు. చికిత్స పొందిన పశువు కొద్ది రోజులలోనే చనిపోతే మందు దాని మాంసంలో మిగిలి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం మానివేస్తాయి. విసర్జింపబడవలసిన యూరిక్ ఆమ్లం రక్తంలో పేరుకొని, గుండె, కాలేయం వంటి అవయవాలపై తెల్లని పొడివలె గడ్డకడుతుంది. కొద్ది రోజులలోనే ఆ పక్షి మరణిస్తుంది.

ఈ విషం పనిచేసే తీరు డి.డి.టి. తీరుకు భిన్నమైనది. డి.డి.టి. కొవ్వులో నిలిచి, ఆహారశృంఖలంలో ఒక్కొక్క మెట్టు ఎక్కేకొద్దీ సాంద్రత పెంచుకొంటుంది. దీనినే జైవిక వృద్ధీకరణం అంటారు. దాని ప్రభావం వల్ల డేగలవంటి పక్షుల గుడ్ల పెంకులు పలుచబడి పొదిగేవేళ పగిలిపోయాయి. డైక్లోఫెనాక్ అలా ఏళ్ల తరబడి నిలువ ఉండదు. అయినా రాబందుకు ఒక్క భోజనమే చాలు. ఒకే కళేబరంపై పదులకొద్దీ పక్షులు వాలుతాయి కనుక, నూటికి ఒక్క కళేబరం విషపూరితమైనా జాతి క్షీణించక తప్పదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పిల్ల పెరిగి గూడు కట్టడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఇంతటి నష్టాన్ని పూడ్చుకొనే శక్తి ఆ జాతికి లేదు.

రాబందులు పోగానే కళేబరాలు కుళ్లి నీటి వనరులను కలుషితం చేశాయి. వాటిని తిని వీధికుక్కలు పెరిగాయి. వాటితోపాటు రేబిస్ ముప్పూ పెరిగింది. మృతదేహాలను రాబందులకు సమర్పించే పార్శీల ఆచారానికీ విఘాతం కలిగింది. రాబందుల లోపం వల్ల 2000, 2005 సంవత్సరాల మధ్య దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని 2024లో వెలువడిన ఒక ఆర్థిక అధ్యయనం అంచనా వేసింది.

2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ దానికి ప్రత్యామ్నాయమైంది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల మందును పశువులకు వాడుతుండటంతో, 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను కూడా పశువైద్యంలో నిషేధించారు. హర్యానాలోని పింజోర్‌లో సంతానోత్పత్తి కేంద్రం నెలకొన్నది. తెలంగాణలో బెజ్జూరు అడవులలోని పాలరాపుగుట్టపై రాబందుల గూళ్లు కనిపించడం ప్రకృతిప్రియులకు ఆనందం కలిగించింది. అయితే పూర్వపు సంఖ్య ఇంకా సుదూరస్వప్నమే.

పశువు బాధను తీర్చాలని మందు వాడిన రైతు ఉద్దేశం మంచిదే. కాని రసాయనం మనిషి ఉద్దేశాన్ని ఎరుగదు. పశువు నుండి పక్షికి, పక్షి లేని లోటు నుండి మనిషికి దాని ఫలితం ప్రయాణించింది. ఒక మందు ఎవరిని బ్రతికిస్తుందో తెలుసుకొంటే చాలదు. ఆ తరువాత అది ఎవరి ఆహారంలో చేరుతుందో కూడా విచారించాలి. రాబందులు తమ ప్రాణాలు వెచ్చించి నేర్పిన పాఠం ఇదే.