ఉద్దానం - మానవులు, పర్యావరణం

ఉద్దానం శ్రీకాకుళం జిల్లా ఈశాన్య భాగంలో, తూర్పు కనుమలకు బంగాళాఖాతానికి నడుమ ఉన్న తీర ప్రాంతము. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు ఇందులోనివి. "ఉద్యానము" అనే పదమే ఉద్దానంగా మారినదని చెబుతారు. మనిషి ఇక్కడి నేలను తోటగా మార్చుకొన్నాడు. ఆ నేల, నీరు, గాలి మనిషి జీవనాన్ని మార్చినవి.

తోటలు

ఇక్కడి ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస బాగా పెరుగుతాయి. జీడిమామిడి బ్రెజిల్ ప్రాంతపు చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీనిని భారతదేశానికి తెచ్చారు. జీడి పిక్కల నుండి పప్పు తీసే పరిశ్రమకు పలాస-కాశీబుగ్గ కేంద్రము. ఇందులో పనిచేసేవారిలో మహిళలు ఎక్కువ.

తుఫానులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినది. కొబ్బరి, జీడిమామిడి తోటలు విస్తారంగా నేలకూలినవి. వరి పోయినచో మరుసటి ఏడు మరల నాటవచ్చును. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి మాత్రం ఆరేడేళ్ళు పడుతుంది. కనుక ఒక రాత్రి గాలి ఒక కుటుంబపు అనేక సంవత్సరాల ఆదాయాన్ని తీసుకొనిపోగలదు.

నీరు, మూత్రపిండాల వ్యాధి

మధుమేహము, అధిక రక్తపోటు లేనివారికి కూడా ఇక్కడ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వస్తున్నది. భూగర్భ జలాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ వంటి అంశాలను పరిశోధకులు పరిశీలించారు. ఏదో ఒక్కటే కారణమని నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోను, మధ్య అమెరికా దేశాలలోను వ్యవసాయ కూలీలలో ఇటువంటి వ్యాధియే కనబడినది. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గ్రామాలకు అందించే పథకమును, పలాసలో మూత్రపిండాల వ్యాధుల ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

చిత్తడి నేలలు

సోంపేట వద్ద గల చిత్తడి నేలలను "బీల" అంటారు. వాన నీటిని నిలిపి ఉంచే ఈ నేలలు సేద్యానికి, చేపల వేటకు ఆధారము. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టగా రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రపు పర్యావరణ అనుమతిని రద్దు చేసినది.

ఉద్దానానికి దక్షిణాన, టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా పెలికాన్ పక్షులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్లపై గూళ్ళు కడతాయి. నౌపడ వద్ద గల చిత్తడి నేలలలో మేత వెదుకుకొంటాయి. పక్షుల రాకను శుభంగా భావించే గ్రామస్థులు వాటిని వేటాడనీయరు. ఊరి ఆదరణతో పాటు ఆ చిత్తడి నేలలు కూడా నిలిచి ఉన్నంత వరకే ఈ రాక సాధ్యము.