పాత వాచీ కొనే ముందు దాని గుండె చప్పుడు వినండి

ఖరగ్‌పూర్ రైల్వేతో పెరిగిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరిదాలోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ నేటికీ ఉన్నాయి. రైలు నడిపే చోట సమయం చిన్న విషయం కాదు. 1906లో భారత ప్రామాణిక సమయం రాకముందు మన రైళ్ళు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి. కలకత్తా నగరం మాత్రం తన స్థానిక సమయాన్నే పాటించింది. రెండింటికీ తేడా అరగంటకు పైనే! కలకత్తా ఆ సమయాన్ని 1948 దాకా వదులుకోలేదు.

ఇప్పుడు సెల్‌ఫోనే సమయం చెబుతున్నా, మంచి స్విస్ వాచీ పెట్టుకోవాలన్న మోజు తగ్గలేదు. కొత్తది అందుబాటులో లేక చాలామంది వాడిన వాచీల వైపు చూస్తున్నారు. అయినా దాని ధర కొన్ని నెలల జీతం కావచ్చు. అంత సొమ్ము పెట్టే ముందు చేసుకోదగిన పరీక్షల్లో చాలావరకు హైస్కూలు భౌతికశాస్త్రమే ఉంది.

టిక్ టిక్‌లో దాగిన లెక్క

కీ ఇచ్చే వాచీలో చుట్టిన స్ప్రింగు శక్తినిస్తుంది. వెంట్రుకంత సన్నని మరో స్ప్రింగు సాయంతో బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ శక్తిని సమాన భాగాలుగా విడుదల చేస్తుంది. నేటి ఖరీదైన వాచీల్లో చాలావాటికి గంటకు 28,800 టిక్‌లు, అంటే సెకండుకు 8. పాత వాచీల్లో గంటకు 18,000 సాధారణం.

ఈ చప్పుడును ఫోన్ మైకుతో విని లెక్కగట్టే యాప్‌లు ఉన్నాయి. వాచీకి పూర్తిగా కీ ఇచ్చి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మైకు దగ్గర పెడితే రోజుకు ఎన్ని సెకండ్లు ముందుకో వెనక్కో పోతుందో తెలుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ‘క్రోనోమీటర్’ అనిపించుకునే కొత్త వాచీ సగటున రోజుకు 4 సెకండ్ల వెనుకబాటు, 6 సెకండ్ల ముందడుగు దాటకూడదు. రోజుకు 86,400 సెకండ్లు కాబట్టి ఈ తేడా పదివేలలో ఒక వంతు కన్నా తక్కువ. యాభై ఏళ్ళ వాచీ నుంచి అంత ఆశించనక్కరలేదు.

అంతకన్నా ముఖ్యమైనది చక్రం ఊగే కోణం. పడుకోబెట్టిన ఆరోగ్యమైన వాచీలో అది సుమారు 270 నుంచి 300 డిగ్రీలు ఉంటుంది. 200కు పడిపోయిందంటే లోపలి నూనె ఎండిపోయిందనో, భాగాలు అరిగాయనో అనుమానించాలి. వాచీని నిలబెట్టి, తిరగేసి కూడా చూడాలి. భంగిమ మారితే గురుత్వాకర్షణ ప్రభావమూ మారుతుంది.

ఉన్నట్టుండి వాచీ నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే భయపడనక్కరలేదు. స్పీకర్లు, బ్యాగుల అయస్కాంతపు బొత్తాల వల్ల సన్నని స్ప్రింగు అయస్కాంతంగా మారి, చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండవచ్చు. స్ప్రింగు పొడవు తగ్గినట్టై చక్రం వేగంగా ఊగుతుంది. అయస్కాంతత్వాన్ని తొలగించే చిన్న పరికరంతో మెకానిక్ దీన్ని నిమిషాల్లో సరిచేస్తాడు.

మెరుపు వెనుక

సెకండ్ల ముల్లు గెంతకుండా జారుతోంది కాబట్టి అసలు వాచీయే అనుకోవద్దు. నకిలీ వాచీల్లోనూ నేడు యాంత్రిక యంత్రాలే పెడుతున్నారు. వెనక మూత తీయించి, యంత్రం మీది గుర్తులు, వరుస సంఖ్య చూడాలి. మన దేశంలో పాత వాచీల డయళ్ళకు కొత్తగా రంగులు వేసి అమ్మడం మామూలే. విదేశీ సేకర్తలు వీటికి ‘ముంబై స్పెషల్’ అని పేరు కూడా పెట్టారు. పదిరెట్లు పెద్దదిగా చూపే కటకంతో చూస్తే అంచులు చెదిరిన అక్షరాలు, వంకర గీతలు బయటపడతాయి. బంగారం అన్నప్పుడు ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ పరీక్ష ఉపయోగపడుతుంది. అయితే అది పైపొరనే చదువుతుంది. మందంగా పూత వేస్తే మోసపోయే వీలుంది.

‘30 మీటర్లు’ అని రాసి ఉన్నా బెంగాల్ వానల్లో ధైర్యం చేయవద్దు. ఆ అంకె కొత్త వాచీ ప్రయోగశాలలో తట్టుకున్న ఒత్తిడిది. రబ్బరు రింగులు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతాయి. అద్దం లోపల ఒక్కసారి ఆవిరి పట్టినా యంత్రానికి తుప్పు మొదలైనట్టే.

అసలు రేడియం

బండ్ల మీద అంటించే మెరిసే కాగితాలను మనం ‘రేడియం స్టిక్కర్లు’ అంటాం. వాటిలో రేడియం ఉండదు. 1960 దశకానికి ముందు తయారైన చాలా వాచీల ముళ్ళ మీద, అంకెల మీద మాత్రం అసలు రేడియమే ఉండేది. అమెరికాలో ఆ రంగు పూసిన యువతులు కుంచెను పెదవులతో సన్నం చేసుకుని ప్రాణాంతక వ్యాధుల పాలయ్యారు.

రేడియం అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్ళు. కాంతినిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్ళకే దెబ్బతింటుంది. కాబట్టి ‘చీకట్లో వెలగడం లేదు, ప్రమాదం లేదు’ అనుకోవడం పొరపాటు. పెచ్చులూడిన రంగు పొడి శరీరంలోకి వెళ్ళడమే పెద్ద ముప్పు. అలాంటి వాచీని ఇంట్లో విప్పడం, గీకడం, ఊదడం చేయకండి. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పండి. రోజంతా ఆ బల్ల దగ్గర కూర్చునేది అతనే. రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది కనుక అలాంటివి ఎన్నో పోగుచేసి పడకగదిలో మూసిపెట్టడమూ మంచిది కాదు.

డయల్ అడుగున ‘స్విస్’ అన్న మాటకు అటూ ఇటూ ఆంగ్లంలో ‘టి’ అక్షరం ఉంటే అది ట్రిటియం. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళే, దాని బలహీనమైన కిరణాలు వాచీ గాజును దాటలేవు. 1990లలో వచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు రేడియోధార్మికతే లేదు. అందుకే 1950ల నాటిదని చెప్పిన వాచీ కాసేపు వెలుతురు చూపగానే చీకట్లో ప్రకాశవంతంగా మెరిస్తే, ఆ రంగు తర్వాత వేసినదే.

బేరం మొదలుపెట్టే ముందు మూత తీయించండి, చప్పుడు కొలవండి, సర్వీసు ఖర్చును ధరలో కలిపి లెక్కవేయండి. ఈ పరీక్షలకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ వాచీని అక్కడే వదిలి రావడం మేలు.