నాబోతు తోటయు, నరికిన యడవియు

ఇటీవల తరగతిలో నొక బాలుడు లేచి, "అయ్యా, ఒక చెట్టు నరికి పది చెట్లు నాటినయెడల తొమ్మిది లాభమే కదా?" అని యడిగెను. లెక్క ప్రకారము వాని మాట తప్పు కాదు. నాకప్పుడు అహాబు రాజు కథ జ్ఞప్తికి వచ్చినది. నాబోతు ద్రాక్షతోట తన నగరును ఆనుకొని యుండుటచే దానిని కూరతోటగా జేసికొనగోరి, దానికి బదులుగా అంతకంటె మంచి తోటనైనను, లేదా తగిన వెలనైనను ఇచ్చెదనని అహాబు పలికెను. బేరము పైకి న్యాయముగనే యున్నది. నాబోతు మాత్రము అది తన పితరుల స్వాస్థ్యమని యొప్పుకొనలేదు.

మన దేశమున అడవినేలను గనులకును, కాలువలకును ఇచ్చునప్పుడు ఈ రెండు విధముల బదులును అమలులో నున్నవి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద అడవినేల గైకొనువారు సామాన్యముగా అంతే విస్తీర్ణముగల వేరొక భూమినిచ్చి, అందు చెట్లు పెంచుటకగు వ్యయము భరింపవలెను. అట్టి భూమి దొరకనిచో క్షీణించిన యడవిలో రెండింతల మేర నాటింపవలెను. ఇదిగాక అడవి విలువను రూపాయలలో గట్టి చెల్లింపవలెను. ఆ ధనమును నిర్వహించుటకు 2016లో వేరొక చట్టము చేయబడెను. ఇంగ్లండులో సయితము 2024 నుండి, భవనములు గట్టువారు ఆ స్థలమున మునుపున్న జీవసంపదకంటె నూటికి పదిపాళ్లు అధికముగా కల్పింపవలెనను నిబంధన వచ్చినది.

దీనిని సమర్థించువారి మాట త్రోసివేయదగినది కాదు. రాయలసీమకు నీరు వలదని యెవడనగలడు? కాలువ తప్పనిచో, ఊరక నరుకుటకంటె బదులిచ్చి నరుకుట మేలని వారందురు. సరియే, అయితే బదులిచ్చిరా? 2006 మొదలు 2012 వరకు రావలసిన 1,03,381 హెక్టారుల బదులుభూమిలో 28,086 హెక్టారులు మాత్రమే వచ్చినవని దేశపు ప్రధాన లెక్కల తనిఖీ అధికారి 2013లో నివేదించెను. అనగా నూటికి ఇరువదియేడు పాళ్లు!

పూర్తిగా నిచ్చిరనుకొన్నను చిక్కు తీరదు. వడమాలపేటనుండి తిరుపతికి బోవువారికి ఎదుట కనబడు శేషాచలపు కొండలను చూడుడు. 2010లో ఇవి జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడెను. ఇచ్చటి ఎర్రచందనము తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప సహజముగా పెరుగదు. ఈతచెట్టును బోలిన సైకస్ బెడ్డోమీ యను మొక్క ఈ చుట్టుపట్టు కొండలయందే కలదు; దానిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఇట్టి కొండకు బదులుగా మైదానమున జామాయిల్ వరుసలు నాటిన, చెట్ల సంఖ్య సరిపోవచ్చును, కొండ మాత్రము రాదు. గ్రేట్ నికోబారు ద్వీపమున తీయదలచిన 130 చదరపు కిలోమీటరుల యడవికి బదులు హర్యానాలో నాటింప నుద్దేశించిరి! సముద్రతీరపు వానయడవి యెక్కడ, హర్యానా మెట్టనేల యెక్కడ?

అన్నిటికంటె కలివికోడి కథ విచిత్రమైనది. తీతువుకంటె చిన్నదైన యీ పక్షి రాత్రివేళ తిరుగును. 1848లో జెర్డన్ దొర దీనిని గుర్తించెను. 1900 తరువాత ఎవరికిని కనబడకపోవుటచే నశించెనని తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా లంకమల ప్రాంతమున మరల దొరకెను. ఇది దట్టమైన యడవిలో నుండదు. ముండ్లపొదలును, వాని నడుమ ఖాళీనేలయు దీనికి కావలెను. అట్టి నేలనే కాగితములలో "క్షీణించిన యడవి" యని వ్రాయుట కలదు. వేరొకచోట నరికినదానికి బదులుగా అచ్చట చెట్లు దట్టముగా నాటినచో, కలివికోడి ఇల్లు పోవును. నష్టపరిహారమే నష్టమగుట యిదియే!

తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005లో ఈ పక్షి నివాసమున ప్రవేశించెను. అటవీశాఖవారును, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారును అడ్డుచెప్పగా తుదకు కాలువదారి మార్చబడెను. అక్కడ ఎవరును పక్షికి బదులు చూపలేదు, కాలువనే మరల్చిరి. ముందు తప్పించుట, తప్పనిచో తగ్గించుట, అదియు కానప్పుడే బదులిచ్చుట యను క్రమమును శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అమలులో మాత్రము మూడవదే ముందు వచ్చుచున్నది. అయితే కాలువ మరలినంతనే పక్షికి క్షేమము కలిగెనని చెప్పుటకును వీలులేదు. పరిశోధకులు పొదలనడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారినపిమ్మట దానిపై అడుగుజాడలు వెదకెడివారు. కాలువ తొలగిన తరువాత అనేక సంవత్సరములు కలివికోడి ఎవరి కంటను బడలేదు.