ఉప్పాడ ఇసుక, కోరంగి బురద

కాకినాడ తీరం పటం ముందు పెట్టుకుంటే చూపు మొదట హోప్ ఐలాండ్ దగ్గర ఆగుతుంది. గౌతమీ గోదావరి మొగ వైపు నుంచి బయల్దేరి, ఉత్తరానికి సాగి, పట్నానికి ఎదురుగా వంపు తిరిగిన సన్నని ఇసుక దిబ్బ అది. పొడవు 16 కిలోమీటర్ల పైమాటే. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా సుమారు రెండు వందల ఏళ్లలో పేరుకున్న నేల. ఈ దిబ్బ బంగాళాఖాతం పోటుకు అడ్డు నిలిచింది కాబట్టే దాని వెనక నీళ్లు నిమ్మళించాయి. నీళ్లు నిమ్మళించాయి కాబట్టే అక్కడ ఓడలకు లంగరు దొరికింది, బురద అడుగున చేరింది, బురద మీద కోరంగి మడ అడవి విస్తరించింది. దిబ్బ కొన దాటి ఇంకాస్త ఉత్తరానికి పోతే మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ ఉప్పాడ ఉంది. ఏటా సముద్రం ఇళ్లనూ, రోడ్డునూ, కొబ్బరి చెట్లనూ కోసుకుపోతున్న ఊరు.

దిబ్బ పెరగడం, అడవి నిలవడం, ఊరు కోతకు గురికావడం మూడు వేర్వేరు సంగతులుగా మనకు వార్తల్లో కనిపిస్తాయి. నిజానికి మూడూ నడిచేది ఒకే సరుకు మీద. గోదావరి మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు. ఎక్కడ ఆగితే అక్కడ నేల పెరుగుతుంది, ఎక్కడికి చేరకపోతే అక్కడ నేల పోతుంది. అయితే ఆ సరుకు గురించి నిర్ణయాలు చేసే చోట్లు వేరు. నది నీళ్లు నీటిపారుదల శాఖవి, అడవి అటవీ శాఖది, రేవు రేవు అధికారులది, బీచ్ రోడ్డు రోడ్లు భవనాల శాఖది, ఒడ్డు పక్క ఖాళీ నేల రెవెన్యూ వాళ్లది. ఎవరి ఫైలు వాళ్లది. ఇసుకకు మాత్రం ఈ సరిహద్దులు తెలియవు.

ఇసుక ఒడ్డు వెంట ఎలా ప్రయాణం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నైరుతి రుతుపవన కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. అల పైకి ఎక్కేటప్పుడు ఇసుక రేణువును ఐమూలగా ఎక్కిస్తుంది. వెనక్కి జారేటప్పుడు నీరు వాలును బట్టి తిన్నగా దిగుతుంది. అంటే ఒక్కో అలకు ఒక్కో రేణువు కాస్త ఉత్తరానికి జరిగినట్టే. ఇలా రేయింబవళ్లు, నెలల తరబడి. ఈశాన్య రుతుపవనాలప్పుడు ఈ నడక కొంత దక్షిణానికి మళ్లుతుంది కానీ ఏడాది మొత్తం మీద తూర్పు తీరంలో ఉత్తరం వైపు నడకదే పైచేయి. ఈ దారికి అడ్డంగా ఏ రాతి కట్ట కట్టినా దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తరిగిపోతుంది. చెన్నై రేవు కట్టిన నాటి నుంచి దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పవుతూ, ఉత్తరాన రాయపురం కోతకు గురవుతూ వచ్చింది ఇందువల్లే. పుదుచ్చేరిలో 1980ల చివర్లో రేవు గోడలు కట్టాక పట్నం ముందున్న బీచ్ మాయమైంది. కాకినాడలో 1997లో మొదలైన డీప్ వాటర్ పోర్టు అలల గోడ వీటికన్నా చిన్న అడ్డంకి కావచ్చు, కానీ ఇక్కడ ప్రకృతే ముందుగా ఒక పెద్ద అడ్డంకి కట్టిపెట్టింది. హోప్ ఐలాండ్ పెరిగిన కొద్దీ ఉత్తరానికి పోవలసిన ఇసుకలో కొంత దిబ్బకూ, కొంత దాని వెనక అఖాతానికీ పోతుంది. పైగా దిబ్బ కొన చుట్టూ వంగి వచ్చే అలల శక్తి ఉప్పాడ వైపు కేంద్రీకృతమవుతుందని తీరం మీద పనిచేసిన శాస్త్రవేత్తలు చెబుతారు.

ఇక అసలు సరఫరా సంగతి. 1970లలో గోదావరి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేర్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. వానలు తగ్గి కాదు. ఎగువన మహారాష్ట్ర నుంచి తెలంగాణ దాకా నది మీదా ఉపనదుల మీదా కట్టిన జలాశయాల అడుగున ఆ ఒండ్రు కూర్చుంటోంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని మళ్లించింది కానీ ఒండ్రుకు పెద్ద అడ్డు కాలేదు, అది ఎత్తు తక్కువ కట్టడం. పెద్ద జలాశయాలు అలా కాదు. పోలవరం నిండాక సరఫరా ఇంకా పలచబడే వీలుంది. పంట పొలాలకు నీళ్లు కావాలి, ఆ మాటను ఎవరూ కాదనరు. కానీ ఆనకట్ట లాభనష్టాల లెక్కలో ఉప్పాడ చేపల వేటగాడి ఇల్లు ఏ వరుసలోనూ కనపడదు. అది కనపడాలన్నదే నా బాధ.

ఉప్పాడ ఒడ్డున తుపాను వెళ్లిన మర్నాడు జనం ఇసుకలో వంగి వెతుక్కుంటూ కనిపిస్తారు. బంగారపు రవ్వలు దొరుకుతాయని. వార్తల్లో దీన్ని వింతగా రాస్తారు, దీని వెనక మంచి భౌతికశాస్త్రం ఉంది. మామూలు ఇసుక ఎక్కువగా క్వార్ట్జ్, అది తేలిక. ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలు బరువు. పెద్ద అలలు ఒడ్డును కోసేటప్పుడు తేలిక రేణువులు ముందు కొట్టుకుపోతాయి, బరువైనవి అక్కడే మిగులుతాయి. అందుకే కోత పడ్డ ఒడ్డు మీద నల్లటి చారలు తేలతాయి. సముద్రంలో కలిసిపోయిన పాత ఊరి ఇళ్లలోంచి, గుళ్లలోంచి జారిన బంగారపు తునకలుంటే అవి ఇంకా బరువు కాబట్టి ఆ నల్ల ఇసుకలోనే చిక్కుకుంటాయి. వెతికేవాళ్లకు ఈ సంగతి అనుభవంతో తెలుసు, తెల్ల ఇసుక జోలికి పోరు. అంటే ఆ నల్ల చార ఎక్కడ కనపడితే అక్కడ ఒడ్డు తేలిక ఇసుకను ఈమధ్యే పోగొట్టుకుందని అర్థం.

కోతకు మందుగా ఇప్పటిదాకా వేసింది గోడలే. బండరాళ్లు పోశారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, జియోట్యూబులు, పరిచారు. తుపాన్లకు అవి చినిగి జారిపోయాయి. మళ్లీ రాళ్లు వచ్చాయి. బీచ్ రోడ్డు ప్రతి తుపానుకూ మూతపడుతూనే ఉంది. గోడ దాని వెనకున్న ఇంటిని కొంతకాలం కాపాడుతుంది, కాదనను. కానీ గోడకు తగిలిన అల తన శక్తిని వాలుగా ఉన్న ఇసుక మీద ఖర్చు పెట్టుకోలేక వెనక్కి కొట్టుకుని, గోడ మొదలును తవ్వుతుంది. ముందున్న బీచ్ పోతుంది. పడవ లాగడానికి, వల ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి చోటు పోతుంది. గోడ ఆగిన చోట అల పక్కకు తిరిగి తర్వాతి ఊరిని పట్టుకుంటుంది. ఉప్పాడకు పక్కనున్న మాయాపట్నం, కోనపాపపేట వాళ్లకు ఈ భయం కొత్త కాదు. గోడ కొత్తగా ఒక్క రేణువు ఇసుకను కూడా తేలేదు, ఉన్న ఇసుక కొరతను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జరుపుతుంది.

ఇప్పుడు దక్షిణానికి, దిబ్బ వెనక్కి పోదాం. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల, కళింగ ఇక్కడి చెట్లు. తెల్లమడ ఆకును కోసి ఎండకు పట్టి చూడండి, ఉప్పు రవ్వలు మెరుస్తాయి. నాలుకకు తగిలిస్తే తెలిసిపోతుంది. వేళ్లు వడకట్టగా ఇంకా లోపలికి వచ్చిన ఉప్పును చెట్టు ఆకుల్లోని గ్రంథుల గుండా బయటికి నెడుతుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి జానెడు ఎత్తున వేళ్లు నిటారుగా పైకి లేచి ఊపిరి తీసుకుంటాయి. పోటు నీరు ఆ వేళ్ల మధ్యకు వచ్చి నెమ్మదించి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడ వదిలి, ఆటుకు తేటగా వెనక్కి పోతుంది. ఇలా మడ అడవి తన నేలను తానే ఎత్తు పెంచుకుంటుంది. సముద్ర మట్టం పెరుగుతున్న కాలంలో ఈ గుణానికి విలువ కట్టలేం. ఏ కాంక్రీటు గోడా తనంతట తాను ఎత్తు పెరగదు. అయితే ఒండ్రు వస్తేనే ఇది జరుగుతుంది. గోదావరి సరఫరా తగ్గితే ఉప్పాడ బీచ్‌తో పాటు ఈ అడవీ నష్టపోతుంది.

తుపాన్ల విషయంలో మడ అడవికి లేని శక్తులు అంటగట్టడం మంచిది కాదు. వంద మీటర్ల వెడల్పు మడ అడవి గాలి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుందని అధ్యయనాల సారాంశం. ఉప్పెన వేరు. అది సముద్రమే మొత్తంగా పైకి లేచి రావడం. దాన్ని తగ్గించాలంటే కిలోమీటర్ల వెడల్పు అడవి కావాలి, అప్పుడు కూడా కిలోమీటరుకు 5 నుంచి 50 సెంటీమీటర్లే తగ్గుతుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. అందుకే అడవి ఎంత వెడల్పున, ఎంత చిక్కగా, తెగకుండా ఉందన్నది ప్రాణాలకు సంబంధించిన లెక్క. మధ్యలో వంద ఎకరాలే కదా పోయింది అనడానికి వీల్లేదు, నీరు ఆ ఖాళీ గుండానే దూసుకొస్తుంది.

1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల పల్లెల జనం కలిసి ఇక్కడ ఒక మంచి పని చేశారు. చెట్లు నరికేసిన చోట నేల కుంగి పళ్లెంగా మారుతుంది, పోటుకు చేరిన నీరు బయటికి పోక ఎండిపోయి, ఉప్పు మితిమీరి, ఇక ఏ మొక్కా బతకదు. ఆ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. ఆటుపోట్లు మళ్లీ ఆడడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది, నాటిన తెల్లమడ నిలదొక్కుకుంది. మొక్కలు నాటడం కన్నా నీటి దారి తెరవడం ముందు పని అన్నది అక్కడ రుజువైంది. ఫొటోల కోసం బురదలో మొక్కలు గుచ్చి వచ్చే కార్యక్రమాలు చూసినప్పుడల్లా ఆ కాలువలు గుర్తుకొస్తాయి.

నీటి దారి మూసేస్తే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ నేలను పేదల ఇళ్ల స్థలాల కోసం మట్టితో పూడ్చే ప్రయత్నం జరిగింది. వివాదం హైకోర్టుకూ, జాతీయ హరిత ట్రైబ్యునల్‌కూ చేరింది. ఇల్లు లేనివాడికి ఇల్లు ఇవ్వాలి. ఆ ఇంటిని ఉప్పెన దారిలో, కుంగే బురద మీద ఇవ్వడం మాత్రం అతనికి చేసే మేలు కాదు. చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2019 నాటి తీర నియంత్రణ మండల ప్రకటన మడ అడవులనూ, ఇసుక దిబ్బలనూ, జీవం ఉన్న బురద నేలలనూ, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లనూ అత్యంత సున్నిత ప్రాంతాలుగా గుర్తించింది. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ వదలాలంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు మాత్రం తీర నియంత్రణ మండలంలోకి వచ్చే నేలలకు వర్తించవు. కాబట్టి తీరం పక్కన చిత్తడి నేలకు ప్రధానంగా 2019 నాటి ప్రకటనే దిక్కు. దాని అమలంతా తీర పటాల మీద ఆధారపడుతుంది. పటంలో గీత తప్పితే నేల తప్పినట్టే. ఆ పటాలు ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు ఏ పాయలో పోటు ఎక్కడిదాకా ఎక్కుతుందో తెలిసిన వేటగాళ్లూ, పీతలు పట్టే ఆడవాళ్లూ ఆ గదిలో ఉండాలి.

ఉప్పాడకు ఏం చేయవచ్చు? విశాఖపట్నం ఒక దారి చూపించింది. అక్కడ ఔటర్ హార్బర్ కట్టాక ఆర్‌కే బీచ్ వైపు ఇసుక ఆగిపోయింది. రేవు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి తీరానికి తిరిగి పోస్తూ వచ్చారు. ఇసుక నడకను మనిషి కొనసాగించడం అన్నమాట. ఒకసారి పోసి ఊరుకునే పని కాదు, ఏటా ఖర్చు. అయినా కాకినాడ రేవు కాలువల్లో తోడే పూడికలో ఇసుక పాళ్లు ఎక్కువగా ఉన్నదాన్ని వేరు చేసి ఉప్పాడకు ఎగువన, అంటే దక్షిణం పక్క, పోస్తే అలలే దాన్ని ఊరికి చేరుస్తాయి. బురద పోస్తే లాభం లేదు, అది ఒక్క పోటుకు కరిగిపోతుంది. రేణువు పరిమాణం పరీక్షించి పోయాలి. దీనితో పాటు, కొత్తగా కట్టే రోడ్డూ ఇళ్లూ ఒడ్డుకు దూరంగా వెనక్కి జరగాలి. వేటగాళ్లకు ఆ కొత్త చోటు నుంచి పడవ దగ్గరికి దారి, ఒడ్డున వలలకూ పడవలకూ ఉమ్మడి జాగా రాతపూర్వకంగా దక్కాలి. అది లేకుండా వెనక్కి పొమ్మంటే ఎవరూ పోరు, పోవాల్సిన పనీ లేదు.

ఈ పనులన్నిటికీ ముందు కావలసింది కొలత. ఒడ్డు ఏ నెలలో ఎంత పెరిగింది, ఎంత తరిగిందన్న వరస లెక్క. ఉపగ్రహ చిత్రాలు వెడల్పు చెబుతాయి, ఇసుక ఎత్తు అంత బాగా చెప్పవు. ఎత్తు కొలవడానికి 1961లో కె.ఓ. ఎమరీ అనే సముద్ర శాస్త్రవేత్త ఒక తేలిక పద్ధతి రాశాడు. గీతలు పెట్టిన ఒకే ఎత్తు కర్రలు రెండు, వాటి మధ్య తెలిసిన పొడవు తాడు. ఒడ్డు పైన ఒక స్థిరమైన గుర్తు దగ్గర మొదలుపెట్టాలి. వెనక కర్ర దగ్గర నిలబడి, ముందు కర్ర తలనూ దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీతనూ ఒకే వరసలోకి తెచ్చి, ఆ చూపు వెనక కర్రను ఏ గీత దగ్గర తాకిందో రాసుకుంటే ఆ రెండు కర్రలు నిలిపిన చోట్ల మధ్య ఎత్తు తేడా తెలుస్తుంది. నీటి అంచు దాకా ఇలా కర్రలు జరుపుకుంటూ పోవడమే. కాకినాడ, పిఠాపురం కాలేజీల పిల్లలు ఆటు సమయంలో ఒక్క పూటలో ఒక ఊరి ఒడ్డు కొలవగలరు. జూన్‌లో నైరుతి రాకముందు ఒకసారి, తుపాన్ల కాలం ముగిశాక జనవరిలో ఒకసారి, ఏటా అవే గుర్తుల దగ్గర. ఆ పుస్తకం ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో, ఒక ప్రతి కలెక్టరేట్‌లో ఉంచి, రాళ్లకు కానీ గోడకు కానీ అంచనాలు వేసే ఇంజినీరు మొదట దాన్ని తెరవాలని నియమం పెడితే చాలు.