ఇసుక దీవిలో చెట్టుకు తోడున్న బూజు

జురాంగ్ ఐలాండ్‌లో మనం రోజూ డ్యూటీకి నడిచే నేలలో చాలా భాగం ఒకప్పుడు సముద్రం. మెర్లిమావ్, సెరాయా, సక్రా, పెసెక్ లాంటి ఏడు చిన్న దీవుల మధ్య నీటిని ఇసుకతో పూడ్చి ఒక్క దీవిగా కలిపారు. 2000 అక్టోబరులో దీవిని లాంఛనంగా ప్రారంభించారు. పూడిక పని 2009 దాకా సాగింది. మొదట పది చదరపు కిలోమీటర్లు కూడా లేని నేల ఇప్పుడు ముప్ఫై దాటింది.

మనుషులకు, పైపులకు, ట్యాంకులకు ఈ నేల బాగానే సరిపోయింది. చెట్టుకు మాత్రం కష్టమే. ఇక్కడ ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురంలో పడేదానికి అది సుమారు నాలుగు రెట్లు. అయినా ఏం లాభం? ఇసుక నీటిని పట్టి ఉంచదు, ఎరువును అసలే ఉంచదు. పైన ఎండ, కింద లారీలు, రోలర్లు తొక్కి గట్టిపడిన నేల. వాన కురిసే ఎడారి అనుకోండి! అలాంటి ఈ దీవిలోనే మరో 30,000 చెట్లు నాటుతామని 2019లో ప్రకటించారు. నాటేటప్పుడు గుంతలో మంచి మట్టి పోసినా, కొన్నాళ్లకు వేరు ఆ మట్టిని దాటి ఇసుకలోకి వెళ్లక తప్పదు. అక్కడ దానికి తిండి ఎవరు పెడతారు?

బూజు పెడుతుంది. నవ్వకండి, నిజమే.

వేరును అంటుకుని బతికే ఒక రకం బూజు ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని మైకోరైజా అంటారు. మన ఊళ్లో ఎరువుల షాపువాళ్లు 'వ్యామ్' అని అమ్మేది దీన్నే. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపల ఉన్న భాస్వరాన్ని త్వరగానే లాగేసుకుంటుంది. భాస్వరం నీటితో పాటు కదిలి వచ్చే సరుకు కాదు, ఉన్నచోటే ఉంటుంది. అందుకే వేరు పక్కన నేల ఖాళీ అవుతుంది, కాస్త దూరంలో భాస్వరం ఉన్నా వేరుకు అందదు. తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి బూజు దారాలు వేరు లోంచి బయలుదేరి సెంటీమీటర్ల కొద్దీ దూరం పోతాయి. వేరు దూరలేని సందుల్లో దూరి భాస్వరం, జింకు, కొంత నీరు మోసుకొస్తాయి. బదులుగా చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరలో నూటికి నాలుగు నుంచి ఇరవై పాళ్ల దాకా బూజుకు ఇస్తుంది. పొత్తు సేద్యం లాంటిదే. కాకపోతే ఈ పొత్తు 40 కోట్ల ఏళ్ల నాటిది. అంత పాత రాళ్లలో కూడా మొక్కలతో పాటు ఈ బూజు ఆనవాళ్లు దొరికాయి.

1885లో దీనికి పేరు పెట్టింది ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును ఎలా పండించాలో చూడమని ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆయన వెతుకుతూ పోతే, చెట్ల వేళ్లకు బూజు తొడుగులా పట్టి ఉండటం, అయినా చెట్లు ఆరోగ్యంగా ఉండటం కనిపించింది. బూజు అంటే తెగులే అనుకునే రోజుల్లో ఆ మాట చాలామందికి రుచించలేదు.

ఈ పొత్తుకు మనకు బాగా తెలిసిన సాక్షి సరుగుడు చెట్టు. బాపట్ల, చీరాల, నెల్లూరు తీరాల్లో ఉప్పుగాలికి ఎదురు నిలిచేది, సెంట్రింగ్‌కు మనం బాదులుగా వాడినది అదే. సింగపూర్‌లో కూడా పూడ్చిన ఇసుక నేలల్లో అది దర్జాగా పెరుగుతుంది. ఈస్ట్ కోస్ట్ పార్కుకు వెళ్తే చూడండి. మలయ్ భాషలో దాని పేరు 'రూ'. తాంజోంగ్ రూ అంటే సరుగుడు కొమ్ము అని అర్థం. దాని వేళ్లలో భాస్వరం తెచ్చే బూజు ఉంటుంది, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెల్లో కాపురం ఉంటుంది. ఆ ఫ్రాంకియాకు పేరు వచ్చింది కూడా మనం చెప్పుకున్న ఫ్రాంక్ గారి వల్లే.

ఇక మన జేబు సంగతి. జూన్ వచ్చిందంటే ఇంటి నుంచి ఫోను: డీఏపీ కొనాలి, డబ్బు పంపు. భాస్వరం ఎక్కువైతే మొక్క బూజును పోషించడం తగ్గించేస్తుంది. ఊరికే దొరికేటప్పుడు కూలి ఎందుకు ఇస్తుంది? అందుకే భూసార పరీక్ష చేయించకుండా బస్తా మీద బస్తా వేయడం డబ్బు పోగొట్టుకోవడమేనని మా అభిప్రాయం. పరీక్షలో భాస్వరం చాలినంత ఉందని వస్తే ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవచ్చు. కార్బండజిమ్ లాంటి మందు మట్టిలో పోసినా ఈ బూజు దెబ్బతింటుంది. వరి మడిలో నీళ్లు నిలిస్తే గాలి ఆడక తగ్గిపోతుంది.

అలాగని వ్యామ్ ప్యాకెట్‌ను సంజీవని అనుకోవద్దు. మంచి పశువుల ఎరువు పడి, ఏటా పైరు ఉండే చేలో ఆ బూజు ముందే ఉంటుంది, కొని వేస్తే పెద్ద తేడా కనిపించకపోవచ్చు. బాగా పని చేసేది నర్సరీ సంచుల్లో, పైమట్టి పోయిన నేలలో, ఇలాంటి పూడిక ఇసుకలో. వేరుశనగ, మొక్కజొన్న, మిరప, టమాట, వంగ దీన్ని చేర్చుకుంటాయి. ఆవాలు, క్యాబేజి, ముల్లంగి చేర్చుకోవు. తోటకూర జాతి కూడా దాదాపు అంతే. వాటికి కొనడం దండగ.

బతికున్న వేరు లేకుండా ఈ బూజు పెరగదు. కాబట్టి డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి ఇంట్లో తయారు చేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఢిల్లీలోని టెరి సంస్థ కూడా దీన్ని ప్రయోగశాలలో వేళ్లతో కలిపే పెంచుతుంది. ప్యాకెట్ కొంటే తయారీ తేదీ, గడువు తేదీ చూడమని ఇంట్లో చెప్పండి. ఎండలో పెట్టిన ప్యాకెట్ వద్దు. పైన చల్లితే సరిపోదు, వేరుకు తగిలేలా విత్తనం కింద గానీ, నారు నాటే గుంతలో గానీ వేయాలి.

డార్మిటరీలో పెయింట్ డబ్బాల్లో మిరప, కరివేపాకు పెంచే వారికి ప్యాకెట్ ఖర్చు కూడా అక్కర్లేదు. బాగా కాసిన పాత మిరప మొక్కను తీసేసినప్పుడు దాని వేర్ల దగ్గరి మట్టి గుప్పెడు, సన్న వేర్లతో సహా, కొత్త డబ్బాలో మొక్క కింద వేయండి. ఆ మొక్కకు వేరుకుళ్లు, ఎండు తెగులు లేకుండా చూసుకోవాలి, లేదంటే తెగులు కూడా వెంట వస్తుంది. ప్లాంటు కాంపౌండులో చెట్ల కింద తవ్వకండి, సూపర్‌వైజర్‌కు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. సెలవుకు వెళ్లి ఊరి మట్టి మూట కట్టుకు రావడం కూడా కుదరదు, మట్టి తేవాలంటే ఇక్కడ ముందుగా పర్మిట్ తీసుకోవాలి.