మా ఇంటికొచ్చిన పుట్టిల్లు

పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేసి తిప్పితే ఎర్రబడతాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ రెండేళ్ల మూడు నెలల పాప పక్కన నిలబడి మొదటిసారి చూస్తుంటే, ఆ ఇత్తడి పళ్లెంలో జరుగుతున్నది మనకీ కొత్తగా కనిపిస్తుంది. అప్పటిదాకా 'ఎల్లో, ఎల్లో' అని గంతులేస్తున్న మా పాప ఒక్కసారిగా ఆగిపోయింది. నా కుచ్చిళ్లు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, పళ్లెంలోకి తొంగిచూసి గుసగుసగా 'అమ్మా, లెడ్ అయిపోయింది' అంది. సున్నం డబ్బా మూత బిగించి అటక మీద పెట్టాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు. పిల్లల కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు. పండగలకీ పేరంటాలకీ అది నేల మీదే ఉండే వస్తువు కాబట్టి చెబుతున్నాను.

ఆ ఎర్రనీళ్లు నా స్నేహితురాలి సీమంతం హారతికి. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో ఉన్న మా రెండు గదుల ఫ్లాట్‌లో, పద్నాలుగు మందితో, వంటమనిషి లేకుండా, అలంకరణ వాళ్లు లేకుండా, చంటిది కాళ్లకి అడ్డంపడుతుండగా చేశాను.

ఇంజినీరింగ్ నాలుగేళ్లూ మేమిద్దరం హాస్టల్లో ఒకే గది. నాకు కాన్పయినప్పుడు మా అమ్మకి జ్వరమొస్తే, పదకొండు రోజులు పథ్యం క్యారేజీ పట్టుకుని తిరిగింది తను. సొంతూరు పలాస. వాడుక ప్రకారమైతే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటివాళ్లు వచ్చి, సీమంతం చేసి, చలిమిడి పెట్టి, పురిటికి తీసుకెళ్లాలి. రాత్రంతా రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో, కూతురు వెళ్లాల్సింది పోయి తల్లే ఇక్కడికొచ్చింది.

అత్తింటివాళ్లు ఏడో నెలలో ఫంక్షన్ హాల్లో ఘనంగానే చేశారు. పూల ఉయ్యాల, ఫొటోలు, వందమందికి భోజనాలు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ రోజు నేను చూసిన ఒక్క సంగతి ఎంతకీ మనసులోంచి పోలేదు. పలాస నుంచి పిన్ని, అదే తన తల్లి, పళ్లెం తెచ్చింది. పచ్చగాజులు, రవికగుడ్డ, మల్లెదండ, ఆవిడే కుట్టిన బొంతగుడ్డలు. బాబాయి పోయి మూడేళ్లయింది. ముత్తైదువలు ఒక్కొక్కరే వేదికెక్కి గాజులు తొడుగుతుంటే, ఆవిడ ఆ పళ్లెం పక్కావిడ చేతికిచ్చి వెనక వరసలో కుర్చీ వెతుక్కుంది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మననూ లేదు. వేదిక మీద నుంచి తను తల తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో పాప నా ఒళ్లో నిద్రపోయింది. తొమ్మిదో నెలలో మా ఇంట్లో చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. నా ఇంట్లో తొలి గాజు ఎవరు తొడగాలన్నది నేను చెబుతాను కదా.

పాపిడి మాట, గాజుల మాట

చేద్దామని అనుకున్నాక శాస్త్రం ఏమంటుందో చూశాను. సీమంతమంటే పాపిడి. సీమంతోన్నయనమంటే పాపిడి పైకి తీయడం. షోడశ సంస్కారాల్లో గర్భాధానం, పుంసవనం తర్వాత మూడోది. ఆపస్తంబ గృహ్యసూత్రం దీన్ని తొలి గర్భానికి, నాలుగో నెలలో చేయమంది. చేయవలసింది భర్త. తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు, దర్భలు, పచ్చి మేడికాయలు పట్టుకుని భార్య పాపిడి ముందు నుంచి పైకి తీయాలి. వీణ వాయించేవాళ్లతో పాడించాలి. ఇంతా చెప్పిన ఆ సూత్రంలో గాజుల ఊసు లేదు, చలిమిడి ఊసు లేదు. ఆ రెండూ మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నవి.

ఆశ్వలాయన గృహ్యసూత్రం మాత్రం, భర్తా పిల్లలూ ఉన్న పెద్దావిడలు ఏం చెబితే అది చేయమంది. అంటే ముత్తైదువ అన్న కట్టడి ఇవాళ్టిది కాదు, చాలా పాతది. పాతదని ఒప్పుకుంటాను. మంచిదని మాత్రం ఒప్పుకోలేను. బిడ్డని తొమ్మిది నెలలు మోసి, పురుడు పోసుకుని, పెంచి, చదివించిన మనిషి ఆ బిడ్డ కడుపు పండినప్పుడు వెనక్కి జరిగి కూర్చోవడంలో ఏ శుభం ఉంది?

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ పెళ్లి సంగతుల్లో నాకెప్పుడూ గుర్తొచ్చేది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. వెలికి భయపడి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే ఆవిడే నీళ్లు తెచ్చి, ఆవిడే వండి పెట్టింది. నూటనలభై ఏళ్లు దాటిన తర్వాత నేను వండింది పద్నాలుగు మందికే, నన్ను వెలివేసేవాళ్లూ లేరు. అయినా పొయ్యి ముందు నిలబడ్డప్పుడు ఆవిడ తలపుకొచ్చింది.

పాకం ఆగదు, పాపా ఆగదు

చంటిపిల్ల ఉన్న ఇంట్లో పని గంటల్లో జరగదు, కునుకుల్లో జరుగుతుంది. మా పాప మధ్యాహ్నం ఒకటిన్నరకి పడుకుంటే మూడింటికి లేస్తుంది. ఆ గంటన్నరలు ఆరు నాకు దొరికాయి. మొదటిరోజు ఫోన్లు. రెండో రోజు పాత పట్టుచీరలు తీసి గోడకి కట్టడం. మిగతావన్నీ వంటింటికే పోయాయి.

అన్నిటికన్నా బెంగ చలిమిడి గురించే. కడుపు చలవ అంటారు దాన్ని. తల్లి చేతితో పెట్టేది. బయట మిఠాయి కొట్లో దొరుకుతుంది, నాకు కొనబుద్ధి కాలేదు. రాత్రి నానబోసిన బియ్యం పొద్దున వడకట్టి, గుడ్డ మీద పరిచి, పూర్తిగా ఆరకముందే మిక్సీ పట్టాలి. పిండిని పిడికిట పడితే ముద్ద నిలవాలి. జల్లించిన పిండి ఆరిపోకుండా మూతపెట్టి, బెల్లం పాకం పట్టాలి. పళ్లెంలో చన్నీళ్లు పోసుకుని, చుక్క వేసి, వేలితో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కావాలి. అది కావడానికి అరనిమిషం ముందు లేతగా జారిపోతుంది, అరనిమిషం తర్వాత రాయవుతుంది.

సరిగ్గా ఉండ కడుతున్న క్షణంలో లోపలి నుంచి ఏడుపు. మామూలు ఏడుపు కాదు, మంచం మీద నుంచి జారి, ఎక్కడున్నానో తెలియని ఏడుపు. పొయ్యి కట్టేసి పరుగెత్తాను. దెబ్బేమీ తగల్లేదు. భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి గరిటె పాకంలో నిలబడిపోయింది. అర కిలో బెల్లం. వేణ్నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పాపని మా ఆయన చేతికిచ్చి, వంటింటి తలుపు వేసుకుని. పాకం దించి, పిండి ఉండ కట్టకుండా కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పి, యాలకుల పొడి, నేతిలో వేయించిన ఎండుకొబ్బరి ముక్కలు, గసగసాలు కలిపాను. చేయి నెయ్యి చేసుకుని ఒక ముద్ద చేసి చూశాను. అమ్మ చేసినట్టే వచ్చింది.

చలిమిడి చేశాక చిక్కు ఇంకొకటి. తనకి గర్భంతో వచ్చే షుగర్ ఉంది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలకి రక్తం తీసి చూసే పరీక్షలో 140 గానీ ఆపైన గానీ వస్తే ఈ షుగర్ ఉన్నట్టు లెక్క. తనకి దాటింది. హాల్లో జరిగిన వేడుకకి వచ్చిన ప్రతి ఒక్కరూ నోట్లో మిఠాయి పెట్టారు. ఇంటికెళ్లి గ్లూకోమీటర్ చూసుకుని రాత్రంతా భయపడింది తను. అందుకే మా ఇంట్లో ఒకటే నియమం పెట్టాం, చలిమిడి ఉసిరికాయంత, అదీ ఒక్క చేతి నుంచే. తన పళ్లెంలోకి పెసరట్టు, సెనగ గుగ్గిళ్లు, పాలకూర పప్పు, పెరుగు. మిగతావాళ్లకి పులిహోర, దద్దోజనం, అల్లం గారెలు. ఇంట్లో చేసుకుంటే ఈ వెసులుబాటు ఉంటుంది. ఆ రోజు ఎవరి కోసమో, వంట కూడా వాళ్ల ఒంటికి తగ్గట్టే చేయొచ్చు.

పాప కోసం కొన్ని మానుకున్నాం. బెలూన్లు వద్దనుకున్నాం, పేలిన బెలూన్ ముక్క చిన్నపిల్లల గొంతుకి అడ్డంపడితే ఊపిరాడదు. తెచ్చిన మినుకు దీపాల్లో బొత్తాం బ్యాటరీలు ఉన్నాయని చూసి, వాటిని వెనక్కి ఇచ్చేశాం. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. వాటి బదులు తెల్లవారకముందే మా ఆయన గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి బంతిపూలు తెచ్చి, టీవీ ముందు కూర్చుని దండలు గుచ్చాడు. రాలిన రేకులన్నీ మా పాప గిన్నెలో పోసుకుని ఇల్లంతా చల్లింది. ఊడ్చేద్దామని చీపురు తీసి, చూసి, మళ్లీ మూలన పెట్టేశాను. అంత అందంగా నేను చల్లలేను.

మట్టిగాజులు చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో తీసుకున్నాను. కొలత 2-4, 2-6, 2-8 అని చెబుతారు, రెండు అంగుళాల మీద పదహారింట ఎన్ని వంతులో అన్న లెక్క. తనది 2-4. నెలలు నిండేసరికి చేతులు నీరుపడతాయి కాబట్టి 2-6 ఒక పెట్టె, 2-8 ఒక డజను. పాపకి సరిపోయేవి నాలుగు, మరీ బుల్లివి, కొట్టతను తనంతట తనే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

పదిన్నరకి

పొద్దున పదిన్నరకే పెట్టుకున్నాం, పాప నిద్రవేళకి ముందే అయిపోవాలని. తనని గోడకి ఆనుకునేలా దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. మొదట వాళ్లాయన చేతికి దువ్వెన ఇచ్చాం. మేడికాయలు, ముళ్లు ఏమీ లేవు, పాపిడి మాత్రం నువ్వే తీయాలన్నాను. చేతులు వణుకుతూ తీశాడు. వంకరగా వచ్చింది. తను అద్దంలో చూసుకుని 'ఉండనీ, ఇవాళ్టికి ఇలాగే ఉండనీ' అంది.

గాజుల పళ్లెం తెచ్చి పిన్ని ముందు పెట్టాను. ఆవిడ ముఖం పాలిపోయింది. 'నేనేటమ్మా... మీ అత్తగారున్నారు, పెద్దోళ్లున్నారు. నేను అటు కూచుంటాను' అని లేవబోయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఏం చెప్పాలో వారం రోజులుగా మనసులో అనుకున్న మాటలన్నీ ఆ నిమిషాన నాకు ఒక్కటీ రాలేదు.

మా పాపకి పెద్దవాళ్లెవరైనా అమ్మమ్మే. పళ్లెం దగ్గరికెళ్లి కూర్చుని, తన బుల్లిగాజుల పొట్లం తీసి, పిన్ని ఒళ్లో పడేసి, చెయ్యి చాపింది. 'అమ్మమ్మా, నాకు.'

చాపిన ఆ చేతిని కాదనలేకపోయింది పిన్ని. అయిదు వేళ్లూ మొగ్గలా దగ్గరికి పట్టి, బొటనవేలి ఎముక దగ్గర కాస్త ఒత్తి, ఒక్కొక్కటే జారవిడిచింది. నాలుగూ తొడిగాక పాప చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆడించుకుంది. అప్పుడు నా స్నేహితురాలు దిండ్ల మీద నుంచి కష్టంగా ముందుకు వంగి, పాప చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది. ఏమీ అనలేదు. నీరుపట్టిన, ఉంగరం తీసేసిన చెయ్యి. పిన్ని చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత 2-6 పెట్టెలోంచి పచ్చ గాజు ఒకటి తీసింది.

రెండో గాజు తొడిగింది నా స్నేహితురాలి అత్తగారు. 'మొన్న హాల్లో నాకు తోచలేదు వదినా' అని మాత్రం అంది, పిన్ని వైపు చూడకుండా. ఆ తర్వాత మా పై అంతస్తు టీచరమ్మ తొడిగింది. రెండుసార్లు కడుపు పోయాక పేరంటాలకే వెళ్లడం మానేసిన మా ఆఫీసు అమ్మాయీ తొడిగింది. తనని నేనే బతిమాలి రప్పించాను. మోచేతి దాకా గాజులు నిండాక, చెయ్యి కడుపు మీద పెట్టుకుని గలగలలాడించింది నా స్నేహితురాలు. లోపల బిడ్డ తన్నిందని నవ్వింది. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు కూడా తల్లి గొంతును ఇతరుల గొంతుల నుంచి వేరుచేసి గుర్తుపడతారని 1980లో డీకాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు చూపించారు. కడుపులోనే విని ఉంటేనే కదా అది. ఆ పూట మా ఇంట్లో ఆ బిడ్డ ఏమేం విన్నదో అనుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

పన్నెండున్నరకి మా పాప గాజులతోనే, బంతిరేకుల మీదే నిద్రపోయింది. అందరూ వెళ్లాక వంటింట్లోకి వస్తే పిన్ని అప్పటికే అంట్లు తోమేసింది. హారతి పళ్లెం బోర్లించి, చేతులు తుడుచుకుని, మూకుడులో అడుగున మిగిలిన చలిమిడి గోకి ముద్ద చేసింది.

'ఇందా. పొద్దున్నుంచి నువ్వేటీ తిన్లేదు కదా' అని నా నోట్లో పెట్టింది.